హద్దు తెలిసిన ఊరు

(మన సంఘం వార్షికోత్సవ సభలో యువజనులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



ఏం మాట్లాడాలని అడిగితే "యువతకు పనికొచ్చేది ఏదైనా చెప్పండి మేడం" అన్నారు. చదువు గురించి, ఫోన్ల గురించి, తాగుడు గురించి నేను ప్రతిసారీ చెప్తూనే ఉన్నాను. మీరు ప్రతిసారీ చప్పట్లు కొట్టి ఇంటికి పోతూనే ఉన్నారు. అందుకని ఈసారి చాలా దూరంలో ఉన్న ఒక ఊరి సంగతి చెప్తాను. ఎందుకు చెప్తున్నానో చివర్లో మీకే తెలుస్తుంది.

పోయినేడు స్టడీ అవర్‌లో గ్రామసభ పాఠం చెప్తుంటే తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి లేచి నిలబడింది. "మేడం, మన దేశాన్ని ఏలిన ఇంగ్లండోళ్ల ఊళ్లల్ల కూడా గ్రామసభ ఉంటదా? వాళ్ల ఊరికి హద్దు ఎవరు పెట్టిన్రు?" అని అడిగింది. నాకు జవాబు తెలియదు. బి.ఎడ్‌లో మాకు నేర్పింది ఒకటే: తెలియకపోతే తెలియదని చెప్పు, తెలుసుకొని వచ్చి చెప్పు. ఆ పిల్ల ప్రశ్న పట్టుకొని చాలా రాత్రులు చదివాను. ఈ మాటలన్నీ ఆ చదువులోంచి వచ్చినవే.

ఇంగ్లండ్‌లో పల్లెకు ఉన్న అన్నిటికంటే చిన్న పాలనా హద్దును సివిల్ పారిష్ అంటారు. దేశం మొత్తం మీద ఇవి పది వేలకు పైగా ఉన్నాయి. కొన్నిట్లో పదుల మందే ఉంటారు, కొన్నిట్లో వేల మంది ఉంటారు. పారిష్ అనేది మొదట చర్చి మాట. ఒక చర్చి కిందకు వచ్చే ఇళ్లు, పొలాలు, అడవి, వాగు కలిస్తే ఒక పారిష్. తర్వాత రాజ్యం తన పనులు కూడా దాని మీదే పెట్టింది. 1555లో వచ్చిన చట్టంతో దారులు బాగుచేసే పని పారిష్‌ది అయింది. 1601 నాటి చట్టంతో పేదవాళ్లకు కూడు పెట్టే పని కూడా పారిష్‌దే అయింది. అప్పటి నుంచి ఊరి హద్దు అంటే ఉత్త గీత కాదు. ఆ గీతకు ఇవతల ఉంటే అన్నం, అవతల ఉంటే లేదు. 1662లో ఇంకో చట్టం వచ్చాక, వేరే పారిష్ నుంచి వచ్చిన పేదవాళ్లను తిరిగి వాళ్ల పారిష్‌కు పంపించేసేవారు. కడుపుతో ఉన్న ఆడవాళ్లను కూడా హద్దు దాటించిన సంగతులు ఉన్నాయి. కాబట్టి అక్కడంతా మంచే జరిగిందని అనుకోవద్దు. హద్దుకు రెండు వైపులా పదును ఉంటుంది.

ఈ హద్దులు ఎట్లా గీశారు? చాలాచోట్ల నేలే గీసింది. కొండ అంచున ఊటలు పుట్టే చోట ఊళ్లు వరుసగా వెలిశాయి. ఒక్కో ఊరి పారిష్ కొండ మీది నుంచి కింద వాగు దాకా పొడుగ్గా, సన్నగా ఉంటుంది. ఎందుకంటే ప్రతి ఊరికీ పైన మేత, నడుమ సాగు, కింద నీళ్లు, పచ్చగడ్డి అన్నీ కొంచెం కొంచెం దక్కాలి. మన పెద్దలు గూడెం కట్టేటప్పుడు నీళ్లు ఎటు, అడవి ఎటు, చేను ఎటు అని చూసినట్టే.

మ్యాపులు లేని కాలంలో ఆ హద్దును ఎట్లా గుర్తుపెట్టుకున్నారో వినండి. ఏటా వసంతంలో, ఈస్టర్ అయిన అయిదో వారంలో, ఊరంతా పూజారితో కలిసి హద్దు వెంట నడిచేది. పిల్లల చేతుల్లో సన్నని బెత్తాలు ఉండేవి. హద్దు చెట్టు దగ్గర, హద్దు రాయి దగ్గర ఆగి వాటిని బెత్తాలతో కొట్టేవారు. ఒక్కోసారి పిల్లవాణ్ణే ఎత్తి ఆ రాయి మీద కుదేసేవారు. ముసలివాడై తగాదా వచ్చినప్పుడు "ఇదే రాయి, నన్ను దీని మీదే కుదేశారు" అని సాక్ష్యం చెప్పాలి కదా! ముసలివాళ్లకు తెలిసింది పిల్లల ఒంట్లోకి ఎక్కించే పద్ధతి అది. కొన్ని ఊళ్లలో ఇప్పటికీ ఆ నడక ఉంది.

ఇక నేను చెప్తానన్న ఊరు. పేరు లాక్స్‌టన్. లండన్‌కు ఉత్తరాన దాదాపు 200 కిలోమీటర్ల దూరంలో, నాటింగ్‌హమ్‌షైర్ అనే జిల్లాలో ఉంది. పక్కనున్న మూర్‌హౌస్ అనే చిన్న పల్లెతో కలిపి ఒక పారిష్. పైన న్యూఆర్క్ అండ్ షెర్‌వుడ్ డిస్ట్రిక్ట్ కౌన్సిల్, దాని పైన కౌంటీ కౌన్సిల్. నేల జిగట బంకమట్టి, వాన పడితే కాలికి అంటుకొని వదలదు. ఊరికి ఉత్తరాన పాత కోట దిబ్బ ఉంది. రాబిన్‌హుడ్ కథల్లో షెర్‌వుడ్ అడవి విన్నారు కదా? ఆ అడవిని రాజు తరఫున కాపలా కాసే దొరలు ఈ కోటలోనే ఉండేవారు. జింకను కొట్టినా, కట్టె కొట్టినా జరిమానా వేసే అడవి చట్టం అప్పుడే ఉంది. జనం మొత్తుకోగా మొత్తుకోగా 1217లో అడవి శాసనం ఒకటి వచ్చింది. అడవిలో పందుల్ని మేపుకోవడం లాంటి హక్కులు అది తిరిగి ఇచ్చింది. జింకను కొట్టినందుకు ప్రాణం తీయొద్దని కూడా చెప్పింది. అడవి అధికారితో తగాదా మన ఒక్కళ్లదే అనుకుంటాం. ఎనిమిది వందల ఏళ్ల కింద వాళ్లకూ అదే తగాదా.

లాక్స్‌టన్‌లో వింత ఏమిటంటే అక్కడ పొలాల మధ్య కంచెలు లేవు. వెస్ట్ ఫీల్డ్, సౌత్ ఫీల్డ్, మిల్ ఫీల్డ్ అని మూడు పెద్ద చేన్లు. ఒక్కో చేనులో చాలా పట్టీలు. ఒక్కో రైతుకు ఒక పట్టీ ఇక్కడ, ఇంకో పట్టీ అక్కడ. మంచి నేల, చెడ్డ నేల అందరికీ రావాలని పాతకాలంలో అట్లా చేశారు. ఒక ఏడు ఒక చేనులో గోధుమ, రెండో చేనులో వసంత కాలపు పంట, మూడోది పడావు. మర్నాటి ఏడు వరుస మారుతుంది. ఎవరి ఇష్టం వచ్చినట్టు వాళ్లు వేసుకోవడానికి లేదు. దున్నడానికి వీలుకాని తడి పల్లాల్లో గడ్డి పెరుగుతుంది. ఆ గడ్డిని ఏటా ఊరి రైతులకే వేలం వేస్తారు. 1635లో మార్క్ పియర్స్ అనే సర్వేయరు ఈ ఊరి పటం గీశాడు. ప్రతి పట్టీ, అది ఎవరిదో కూడా రాసిపెట్టాడు. ఆ పటం ఇప్పటికీ ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ లైబ్రరీలో భద్రంగా ఉంది.

ఏటా నవంబరు చివర్లో అక్కడ జ్యూరీ రోజు వస్తుంది. ఊరి రైతుల్లోంచే పన్నెండు మంది, వాళ్ల మీద ఒక పెద్ద. ఆ ఏడు గోధుమ వేసిన చేనంతా వాళ్లు తిరుగుతారు. పట్టీ పట్టీకి హద్దు చూస్తారు, జరిగిన చోట మళ్లీ గుంజలు పాతుతారు. ఎవరైనా పక్కవాడి పట్టీలోకి గానీ, అందరి బాటలోకి గానీ, ఊరుమ్మడి గడ్డి నేలలోకి గానీ నాగలి పోనిచ్చారా, రాసుకుంటారు. వారం తర్వాత ఊరి సత్రంలో కోర్టు కూర్చుంటుంది. దాని పేరు కోర్ట్ లీట్. తప్పు చేసినవాళ్ల పేర్లు అందరి ముందు చదివి జరిమానా వేస్తారు. జరిమానా చిన్నదే. పేరు చదవడమే అసలు శిక్ష. తర్వాతి ఏటికి కొత్త జ్యూరీ అదే రోజు ప్రమాణం చేస్తుంది. 1977లో ఇంగ్లండ్ పార్లమెంటు ఇట్లాంటి పాత కోర్టుల అధికారాలు తీసేసింది గానీ లాక్స్‌టన్ కోర్టుకు మినహాయింపు ఇచ్చింది. మన రాయి సెంటర్‌లో పెద్దలు కూర్చొని పంచాయితీ తెంపడం చూసినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు.

ఇంకో మాట. ఆ రైతుల్లో ఎక్కువమంది కౌలుదార్లే. భూమి దొరది. 1952లో దొర ఆ ఎస్టేటును ప్రభుత్వ వ్యవసాయ శాఖకు అమ్మాడు. 1981లో అది క్రౌన్ ఎస్టేట్ చేతికి పోయింది. 2020లో మళ్లీ అమ్మకమై, పాత దొర వంశంవాళ్ల థోర్స్‌బీ ఎస్టేట్‌కే చేరింది. డెబ్బై ఏళ్లలో యజమాని మూడుసార్లు మారాడు. చేను తిరగడం ఆగలేదు, కోర్టు కూర్చోవడం ఆగలేదు.

మరి మిగతా ఊళ్ల సంగతి? అక్కడే ఏడుపు ఉంది. 1604 నుంచి 1914 దాకా పార్లమెంటు అయిదు వేల రెండు వందలకు పైగా చట్టాలు చేసి ఉమ్మడి నేలలకు కంచెలు వేసింది. దాదాపు 68 లక్షల ఎకరాలు, అంటే ఇంగ్లండ్‌లో అయిదో వంతు నేల. కాగితం ఉన్న పెద్ద రైతుకు చెక్క దొరికింది. తాతల నాటి నుంచి అక్కడ ఆవును మేపుకున్నవాడికి, కట్టెలు ఏరుకున్నవాడికి ఏమీ దొరకలేదు, లేదంటే ఎందుకూ పనికిరాని తునక దొరికింది. ఎంతోమంది కూలీలై పట్నాల మిల్లుల్లో చేరారు.

మిగిలిన ఉమ్మడి నేలల కోసం 1965లో ఒక చట్టం వచ్చింది. ఫలానా గడువులోగా మీ ఉమ్మడి నేల, దాని మీద మీ హక్కులు రిజిస్టర్‌లో రాయించుకోండి అంది. రాయించుకున్న ఊళ్లకు నిలిచింది. రాయించుకోని హక్కు, వందల ఏళ్లుగా వాడుకున్నదైనా, పోయింది. ఎవరూ లాఠీ పట్టుకొని రాలేదు. దరఖాస్తు పెట్టకపోవడమే చాలింది. నేను ఈ సంగతి చదివిన రాత్రి పుస్తకం మూసి చాలాసేపు అట్లాగే కూర్చున్నాను. ఎందుకో తర్వాత చెప్తాను.

ఆ పిల్ల ప్రశ్నలో మొదటి భాగం మిగిలింది. గ్రామసభ ఉంటుందా? ఉంటుంది. 1894 చట్టం ఊరి పాలనను చర్చి నుంచి విడదీసి పారిష్ కౌన్సిల్‌ను, పారిష్ మీటింగ్‌ను పెట్టింది. పారిష్ మీటింగ్ అంటే ఊళ్లో ఓటున్న ప్రతి ఒక్కరూ కూర్చునే సభ. ఆడపిల్లలూ, ఇది మీకోసం: ఆ చట్టం పెళ్లయినా కాకపోయినా ఆడవాళ్లు కౌన్సిల్‌కు నిలబడవచ్చని తేల్చింది. పార్లమెంటుకు ఓటు వాళ్లలో కొందరికైనా దొరికింది 1918లోనే. అంటే దేశం తలుపు తెరవక ముందే ఊరి తలుపు తెరుచుకుంది.

ఇప్పటి పద్ధతి ఇది. కొత్తగా ఏర్పడే పారిష్‌లో వెయ్యి మంది ఓటర్లు ఉంటే దానికి కౌన్సిల్ ఉండాలి. కనీసం అయిదుగురు సభ్యులు, నాలుగేళ్ల కాలం, రాతకోతలకు జీతం మీద ఒక క్లర్క్. కౌన్సిల్ లేనంత చిన్న ఊరైతే పారిష్ మీటింగే ఊరిని నడుపుతుంది. కౌన్సిల్ ఉన్నా సరే, ఏటా మార్చి 1కి, జూన్ 1కి నడుమ ఊరంతా ఒకసారి కూర్చోవాలి. పనికి పోయినవాళ్లు రావాలి కాబట్టి సాయంత్రం ఆరు కాక ముందు ఆ సభ మొదలుపెట్టడానికి లేదు. ఏడు రోజుల ముందు అందరికీ కనబడే చోట నోటీసు అంటించాలి. పెద్దమనుషులు సభ పెట్టకపోతే ఆరుగురు ఓటర్లు కలిసి తామే పెట్టవచ్చు. కూరగాయలు పండించుకోవడానికి తునక కావాలని ఆరుగురు రాసిస్తే కౌన్సిల్ దాన్ని పక్కన పడేయడానికి వీల్లేదు, విచారించి తీరాలి. అది 1908 చట్టం. ఆరుగురు! మన గూడెంలో వాలీబాల్ ఆడటానికి ఒక వైపు నిలబడేవాళ్లు.

కౌన్సిల్ చేసేవి చిన్న పనులు. ఆట స్థలం, శ్మశానం, బస్ షెల్టర్, దారి దీపాలు, ఊరి హాలు, చెరువు. దానికి కావలసిన సొమ్మును ప్రిసెప్ట్ అని లెక్క వేసి చెప్తే, పైనున్న కౌన్సిల్ ఇంటి పన్నుతో కలిపి వసూలు చేసి ఇస్తుంది. లెక్కల పుస్తకం ఏటా 30 పనిదినాలు జనం చూడటానికి తెరిచి ఉంచాలి. బళ్లు, పోలీసు, పెద్ద రోడ్లు వాళ్ల చేతిలో లేవు. ఊళ్లో ఎవరైనా ఇల్లు కడతామంటే అభిప్రాయం చెప్పగలరు, తీర్పు మాత్రం పైవాళ్లది. అధికారం తక్కువే. కానీ ఉన్నంత మేర ఎవరికి ఏది అడిగే హక్కు ఉందో ఊళ్లో తెలుస్తుంది. 1950ల్లో కాలిబాటల రికార్డు తయారుచేసేటప్పుడు పారిష్ వాళ్లే చాలాచోట్ల బాట బాటా నడిచి రాసిచ్చారు. అట్లా పటంలోకి ఎక్కిన బాటను ఏ భూస్వామీ ఊరికే మూయలేడు.

ఇప్పుడు నా సంగతి. ఇది ఇంతవరకు ఏ సభలోనూ చెప్పలేదు.

అటవీ హక్కుల చట్టం వచ్చిన తొలి రోజుల్లో మా ఊళ్లో సర్వే జరిగింది. మా నాన్న మూడెకరాల పైనే సాగు చేస్తున్నాడు. సర్వే వాళ్లు వచ్చిన రోజు ఆయన సంతకు పోయాడు. వాగు అవతలి చెక్క చూపించడానికి ఎవరూ పోలేదు. వాళ్లు వాగు దగ్గరే ఆగిపోయారు. తర్వాత గ్రామసభ అని చెప్పి ఒక రిజిస్టర్ పట్టుకొచ్చారు. వరుసగా వేలిముద్రలు వేయించారు. నేను అప్పటికే బి.ఎడ్ చదివినదాన్ని. ఆ వరుసలో సంతకం పెట్టింది నేనొక్కదాన్నే. పైన ఏం రాసి ఉందో చదవలేదు. "ఆలస్యమవుతోంది, పెట్టమ్మా" అంటే పెట్టాను. పట్టా వచ్చినప్పుడు అందులో ఎకరంన్నర ఉంది. మా నాన్న నన్ను ఒక్క మాట అనలేదు. "చదువుకున్నదానివి కదా బిడ్డా, చూసే ఉంటవనుకున్న" అన్నాడు, అంతే. ఆ మాట ఇప్పటికీ నిద్రలో వినబడుతుంది. వాగు అవతలి చెక్కలో ఇప్పుడు మొక్కలు నాటారు.

తప్పు ఒక్క సర్వే వాళ్లదే అంటే నాకు మనసొప్పదు. మా ఊళ్లో ఆ రోజు హద్దు తిరిగే పన్నెండు మంది లేరు. చదవడం వచ్చిన ఒక్కతి ఉండి చదవలేదు.

చట్టం మనకు తక్కువ ఇవ్వలేదు. 1996 నాటి పెసా చట్టం మన ఆచారాన్ని, మన ఉమ్మడి వనరుల్ని, మన తగాదాలు తీర్చుకునే పద్ధతిని కాపాడే శక్తి గ్రామసభకు ఉందని చెప్పింది. అది చెప్పే ఊరు అంటే రెవెన్యూ కాగితంలోని ఊరే కాదు, తన ఆచారం ప్రకారం తన పని తాను చూసుకునే గూడెం కూడా ఊరే. అటవీ హక్కుల సభకు సగం మంది హాజరు ఉండాలి, వచ్చినవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి. రిజిస్టర్ తిప్పి వేలిముద్రలు తీసుకుంటే అది సభ కాదు. ముసలివాళ్ల మాటను రాసి పెడితే అది సాక్ష్యం. పాత గట్టు, సమాధి, దేవుడి చోటు, ఇవన్నీ సాక్ష్యాలు. గ్రామసభ తీర్మానం మీద అభ్యంతరం ఉంటే 60 రోజుల్లో సబ్ డివిజన్ కమిటీకి రాసుకోవచ్చు. నాకు అప్పుడు ఇవేవీ తెలియవు. మీకు ఇప్పుడు తెలిశాయి. ఇక మీరు తెలియదనడానికి లేదు.

అందుకని యువకులారా, మూడు పనులు అడుగుతాను. దండారీకి ఇళ్లకు వస్తారు కదా. ఆ సెలవుల్లో ఒక రోజు మీ పటేల్‌ను, ఊళ్లో అందరికంటే పెద్ద మనిషిని, పెద్ద అవ్వను వెంటబెట్టుకొని ఊరి హద్దు నడవండి. చిన్న పిల్లల్ని కూడా తీసుకుపోండి. ఏ రాయి దగ్గర ఏ పేరు చెప్పారో, ఏ వాగును మన భాషలో ఏమంటారో నోట్‌బుక్‌లో రాయండి, పటం గీయండి, తేదీ వేయండి, చెప్పినవాళ్ల పేరు రాయండి. రెండోది, గ్రామసభకు పోండి. నోటీసు ఎప్పుడు అంటించారు, ఎక్కడ అంటించారు అని అడగండి. మూడోది, ఏ కాగితం మీదైనా సంతకం పెట్టే ముందు పైకి చదవండి. మీ కోసం కాదు, పక్కన వేలిముద్ర వేసే అవ్వ కోసం గట్టిగా చదవండి. ఆలస్యమవుతోందని ఎవరైనా అంటే, కానీయండి.

జోడేఘాట్‌లో కుమ్రం భీం దాదా నేల కోసం ప్రాణం ఇచ్చాడు. మనల్ని ప్రాణం ఎవరూ అడగట్లేదు. ఒక నోట్‌బుక్, ఒక పెన్ను, ఒక రోజు నడక.

ఆ తొమ్మిదో తరగతి పిల్ల ఇప్పుడు పదిలో ఉంది. ఇదిగో, ముందు వరుసలోనే కూర్చుంది. దాని ప్రశ్నకు నా జవాబు ఇది: వాళ్ల ఊరికి హద్దు వాళ్ల ముసలివాళ్లు పెట్టారు బిడ్డా. ఏటా దాని వెంట నడిచారు కాబట్టి నిలిచింది. మన హద్దు కూడా మన ముసలివాళ్లు పెట్టిందే. నడవాల్సింది మీరు.